అల్లరి పిల్లలు – మన కోపము
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంఘము తరఫున జరిగే ఆదివారపు తరగతిని గురించి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యదర్శిగారు మమ్ములను ఆజ్ఞాపించారు. మేము పండితులము కాము. మెట్రిక్ వరకు చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకునేవారము. కనుక తెలిసినంతలో చెప్తాము. పెద్దలు మన్నించి వినవలెను.

ఈ రోజుల్లో పెద్ద బడులలో పిల్లల కోసం కౌన్సిలర్లు ఉంటున్నారు. కౌన్సిలరు అనగానే మన రాబర్ట్‌సన్‌పేటలో ఓట్లకు వచ్చేవారే జ్ఞాపకము వస్తారు. వీరు వేరు. పిల్లవాని మాట విని, వాని మనసు తెలుసుకుని దారి చూపడము వీరి పని. మాకు ఆ చదువు లేదు. అయినా లెక్కలు, తెలుగు చెప్పే నెపముతో మేము ఆదివారము చేసేది ఆ పనిలో ఒక ముక్కే. అందులో అన్నిటికంటె కష్టమైనది పిల్లల అల్లరి కాదు. ఆ అల్లరి చూసి మనలో లేచే కోపము.

మన పిల్లల పరిస్థితి మీకు తెలియనిది కాదు. 1880లో జాన్ టెయిలర్ కంపెనీవారు ఇక్కడ పని మొదలుపెట్టిన తరువాత చిత్తూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాల నుండి మనవారెందరో గనులలో కూలికి వచ్చారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటినుండి మన ఇండ్లలో చాలామందికి బెంగుళూరే దిక్కు. మారికుప్పములో తెల్లవారుజామున బండి ఎక్కితే మరల ఇల్లు చేరేసరికి రాత్రి. తల్లి, తండ్రి ఇద్దరూ ఆ బండిలోనే పోతే పిల్లవానికి మిగిలేది తాళముచెవి. అటువంటి బిడ్డ వారమంతా బిగబట్టుకున్నది ఆదివారము బెంచీమీద చూపిస్తాడు.

గనిలో రాక్ బర్స్ట్ అనే ప్రమాదమును మన తాతలు ఎరుగుదురు. చాంపియన్ రీఫ్ వంటి గనులలో, మూడు కిలోమీటర్లకు మించిన లోతున, పైనున్న కొండంత బరువు రాతిని నొక్కుతూ ఉంటుంది. ఒకనాడు ఆ రాయి ఫెళ్లున పగులుతుంది. చప్పుడు ఆ క్షణమునది. ఒత్తిడి మాత్రము ఎప్పటినుండో పేరుకున్నది. పిల్లల అల్లరి చాలామట్టుకు ఇటువంటిదే. అయితే ఇది తెలిసినంతమాత్రాన మన కోపము ఆగదు.

ఒక ఉదాహరణ చెప్తాము. పన్నెండేండ్ల కుర్రవాడొకడు బెంచీమీద దరువు వేస్తున్నాడు. వద్దంటే, “టిక్కెట్లు కొట్టుకునే మీరు నాకు లెక్కలు చెప్తారా?” అన్నాడు. పిల్లలందరూ గొల్లున నవ్వారు. మాకు చెవులు వేడెక్కాయి. బుకింగు కిటికీ అవతల నిలబడి బండి ఆలస్యమైందని ప్రయాణీకులు రోజూ తిడతారు. ఆ తిట్టు బండికేనని తెలిసి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి పంపిస్తాము. మరి ఈ బిడ్డ మాట ఎందుకు గుచ్చుకున్నది? పై చదువు చదవలేదనే కొరత మాలో ఎప్పటినుండో ఉన్నది. వాడు తెలియకుండానే దానిమీద వేలు పెట్టాడు. ఇది గ్రహించగానే కోపము సగము దిగింది. సుద్దముక్క కింద పెట్టి, గ్లాసెడు మంచినీళ్లు త్రాగి, “దరువు ఆపు. ఆపితే లెక్క చెప్తాను. ఆపకపోతే కాసేపు అరుగుమీద కూర్చుని రా. నీ చోటు నీకే ఉంటుంది” అన్నాము. అరుగుమీదికి పోయాడు. పావుగంటకు తిరిగి వచ్చాడు. జరిగినది ఎవరూ ఎత్తలేదు.

ఎర్ర సిగ్నలు పడితే డ్రైవరు బండి ఆపుతాడు, దీపము పగులగొట్టడు. మన కోపమూ అటువంటి సిగ్నలే. “ఇక్కడ ఏదో ఉన్నది, ఆగి చూడు” అంటుంది. ఆ ఏదో ఒక్కొక్కసారి బిడ్డలో ఉంటుంది, ఒక్కొక్కసారి మనలో ఉంటుంది.

ఇంగ్లండులో వినికాట్ అనే ప్రసిద్ధ బాలవైద్యుడు ఉండేవారు. యుద్ధకాలములో ఇల్లు విడిచి పారిపోయే తొమ్మిదేండ్ల బాలుని ఆయన, ఆయన భార్య మూడు నెలలు తమ ఇంట ఉంచుకున్నారు. వాడు విజృంభించినపుడు ఆయన కొట్టలేదు. తలుపు బయట పెట్టేవారు. కాని అక్కడ ఒక గంట ఉండేది. వాడు ఎప్పుడు గంట కొట్టినా తలుపు తెరిచేవారు, జరిగినదాని మాట ఎత్తేవారు కారు. పిల్లలను సాకేవారికి వారిమీద ద్వేషము కూడా కలుగుతుందనీ, దానిని తనలో తాను ఒప్పుకున్నవారే నిభాయించుకోగలరనీ 1949లో అచ్చయిన వ్యాసములో ఆయన వ్రాశారు. అంతటివారికే కలిగినది మనకు కలగడము వింత కాదు.

2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను కొట్టడమును, మనసు నొప్పించి వేధించడమును నిషేధించింది. చేతిని చట్టము పట్టుకుంటుంది. నాలుకను మనమే పట్టుకోవలెను. అందుకు మేము పాటించే పద్ధతులు ఇవి.

గొంతు పెరుగుతున్నదని తెలియగానే ఒక నిమిషము మాట ఆపుతాము. కోపము దిగనిదే శిక్ష నిర్ణయించము. ఒకరికి ఓర్పు తప్పేలాగున్నదంటే పక్కనున్నవారు తరగతి అందుకుంటారు. అది అవమానముగా ఎంచము. తరగతి ముగిసిన తరువాత టీ త్రాగుతూ, పిల్లలు ఏమి చేశారని కాక, ఈ పూట మనలో ఎవరికి ఎక్కడ నొప్పి తగిలినదో చెప్పుకుంటాము. ఓర్పు అంటే చూసీ చూడనట్లు పోవడము కాదు. బెంచీ విరగ్గొట్టనివ్వము, చిన్నవారిని కొట్టనివ్వము. కాని “ఇక రావద్దు” అనే మాట మాత్రము ఎవరినీ అనము. పగలంతా తాళము వేసిన ఇంటి బిడ్డకు ఈ తలుపూ మూసుకుంటే ఇక పోయేది వీధికే.

మన చేతికి మించినవి కూడా ఉంటాయి. బిడ్డ తన్ను తాను గాయపరచుకుంటున్నా, చనిపోతానంటున్నా, తిండి నిద్ర మానినా మన ఉపదేశములు చాలవు. బెంగుళూరు నిమ్హాన్సులో పిల్లల మానసిక వైద్యులున్నారు. టెలి మానస్ 14416కు ఖర్చు లేకుండా ఎప్పుడైనా ఫోను చేయవచ్చును. బిడ్డకు ఎవరివల్లనైనా హాని జరుగుతున్నదంటే 1098 ఉన్నది.

తల్లులకు, తండ్రులకు ఒక్క మనవి. రాత్రి బండి దిగి అలసి ఇంటికి వచ్చినపుడు పిల్లవాడు ఎదురు మాట్లాడితే, చెయ్యి ఎత్తే ముందు కాళ్లు కడుక్కోండి. ఆ రెండు నిమిషములలో మీ కోపములో బండి వాటా ఎంతో, పై అధికారి వాటా ఎంతో, బిడ్డ వాటా ఎంతో తేలిపోతుంది. బిడ్డ వాటాకే బిడ్డను మందలించండి.

ఈ నూతన సంవత్సరము మన బిడ్డలకు, మనకు శుభము కలిగించుగాక. ఆదివారము సాయంకాలము ఒక గంట ఇవ్వగలవారు మాతో చేరవలెనని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.