హోమ్ థియేటర్‌కి నిజంగా ఎన్ని వాట్లు కావాలి? యాంప్ కొనే ముందు ఈ లెక్క చూడండి

పోయిన వారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, షాపులో రెండు రిసీవర్లు చూపించారు. ఒకదాని మీద 80 వాట్స్ అని ఉంది, ఇంకోదాని మీద 150 వాట్స్ అని ఉంది. 150దే తీసుకుంటున్నా" అన్నాడు. "ఆగరా బాబూ, డబ్బులు కట్టకు" అన్నాను. ఎందుకంటే ఆ తప్పు నేను ఆల్రెడీ చేసేశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడు నెలల సేవింగ్స్ పెట్టి ఒక 7 ఛానల్ రిసీవర్ కొన్నా. పెట్టె మీద వాట్స్ పెద్దగా రాసి ఉంది, అంతే, ఇంకేం చదవలేదు. స్పీకర్లు 4 ఓమ్స్‌వి, సెకండ్ హ్యాండ్‌లో దొరికాయి. రిసీవర్‌ని టీవీ కింద అరలో పెట్టి గ్లాస్ డోర్ వేసేశా. ఆదివారం నాన్నని కూర్చోబెట్టి సినిమా పెట్టాను. ఇంటర్వెల్ ఫైట్ వచ్చింది, వాల్యూమ్ పెంచా, టప్‌మని ఆఫ్. మళ్లీ ఆన్ చేశా, మళ్లీ ఆఫ్. నాన్న ఒక్క మాట కూడా అనలేదు. "పోనీలేరా, టీవీ సౌండ్‌తోనే చూద్దాం" అన్నారు. తిట్టినా బాగుండేది.

సో, ఆ రోజు నేను ఏమేం చూడలేదో ఒక్కొక్కటిగా చెప్తాను.

ముందు ఆ 80, 150 సంగతి. స్పెసిఫికేషన్ షీట్‌లో చిన్న అక్షరాలు చదవండి. 80 వాట్స్ పక్కన "8 ఓమ్స్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 0.08 శాతం డిస్టార్షన్, 2 ఛానల్స్ డ్రివెన్" అని ఉందనుకోండి. 150 పక్కన "6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్, 1 ఛానల్ డ్రివెన్" అని ఉందనుకోండి. మొదటిది నిజాయితీ ఉన్న నంబర్. రెండోదాంట్లో ఒక్క ఛానల్‌నే, ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గరే, సౌండ్ పాడయ్యేదాకా తోసి కొలిచారు. చాలాసార్లు ఈ రెండు నంబర్లూ ఒకే రిసీవర్‌వి అయి ఉంటాయి! పోల్చేటప్పుడు రెండూ ఒకే కండిషన్‌లో కొలిచినవా కాదా అన్నది చూడండి. అన్ని ఛానల్స్ ఒకేసారి గట్టిగా మోగితే, ఒక్కోదానికి వచ్చే పవర్ ఇంకా తగ్గుతుంది. ఎందుకంటే లోపల పవర్ సప్లై ఒక్కటే, దాన్నే అందరూ పంచుకోవాలి.

బీటెక్‌లో ఉన్నప్పుడు హాస్టల్ రూమ్‌లో 4440 ఐసీతో యాంప్ చేశాం. డబ్బా మీద మా ఫ్రెండ్ స్కెచ్‌తో "200 వాట్స్" అని రాశాడు. డేటాషీట్ తీసి చూస్తే బ్రిడ్జ్‌లో పెట్టినా 19 వాట్లు! ఇప్పటికీ మార్కెట్‌లో 1000 వాట్స్, 5000 వాట్స్ పీఎంపీఓ అని కనిపిస్తే నాకు ఆ స్కెచ్ పెన్ను గుర్తొస్తుంది. కరెంటు ప్లగ్ నుంచి లోపలికి 60 వాట్లు వెళ్లి, స్పీకర్ నుంచి 1000 వాట్లు ఆగకుండా బయటికి రావు కదా.

మరి మనకి ఎంత కావాలి? చిన్న లెక్క. మీ స్పీకర్ సెన్సిటివిటీ 87 డెసిబెల్స్ అనుకోండి. అంటే 1 వాట్ ఇస్తే, 1 మీటర్ దూరంలో 87. మీరు సోఫాలో 3 మీటర్ల దూరంలో, అంటే 10 అడుగుల్లో కూర్చుంటారు. దూరం వల్ల దాదాపు 9 పోయి, 78 మిగులుతుంది. గోడల వల్ల కొంచెం కలిసొస్తుంది, దాన్ని వదిలేద్దాం. 10 వాట్లు ఇస్తే 88. 100 వాట్లు ఇస్తే 98. ఇంట్లో మామూలు డైలాగ్ 65, 70 దగ్గర ఉంటుంది. అంటే సినిమాలో ఎక్కువ సేపు మనం వాడేది 1 వాట్ లోపే! మిగతా పవరంతా బాంబు పేలినప్పుడు, డప్పు మోగినప్పుడు ఆ ఒక్క క్షణం కోసం.

ఇంకోటి వినండి. పవర్ డబుల్ చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి సౌండ్ రెట్టింపు అయినట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పవర్ 10 రెట్లు కావాలి. సో 80 వాట్స్ కాకుండా 100 వాట్స్ మోడల్‌కి ఎక్స్‌ట్రా పాతిక వేలు పెడితే, మీకొచ్చే తేడా 1 డెసిబెల్. పక్కింటోళ్లకి కూడా తెలీదు. అదే డబ్బుతో 92 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్లు తీసుకుంటే, అదే సౌండ్‌కి మూడో వంతు పవర్ చాలు.

ఇక ఓమ్స్. ఓమ్స్ తగ్గితే యాంప్ ఎక్కువ కరెంటు ఇవ్వాలి, ఎక్కువ వేడెక్కాలి. నా 4 ఓమ్స్ స్పీకర్లు, మూసిన అర, రెండూ కలిసి రిసీవర్‌ని ప్రొటెక్షన్ మోడ్‌లోకి పంపాయి. అది పాడవలేదు, తనని తాను కాపాడుకుంది. రిసీవర్ వెనకాల ఎన్ని ఓమ్స్ దాకా ఓకే అని రాసి ఉంటుంది, చూడండి. పైన కనీసం జానెడు ఖాళీ వదలండి. మన ఎండాకాలంలో మరీ.

ఛానల్స్ సంగతి త్వరగా. 5.1 అంటే రిసీవర్ నుంచి పవర్ కావాల్సింది 5 స్పీకర్లకే. ఆ .1 సబ్‌వూఫర్‌కి మామూలుగా సొంత యాంప్ ఉంటుంది. డాల్బీ అట్మాస్ 5.1.2 కావాలంటే పైన రెండు కలిపి 7 ఛానల్స్. సెట్టింగ్స్‌లో స్పీకర్లని "స్మాల్" అని పెట్టి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ ఇవ్వండి. అప్పుడు బరువైన బేస్ అంతా సబ్‌వూఫర్‌కి పోతుంది, రిసీవర్ హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది. ఫ్రీగా దొరికే పవర్ అంటే ఇదే.

విడిగా పవర్ యాంప్ ఎప్పుడు కావాలి? హాల్ బాగా పెద్దదైతే, స్పీకర్లు 4 ఓమ్స్‌వైతే, లేదా థియేటర్ లెవెల్ సౌండే కావాలంటే. థియేటర్ రిఫరెన్స్‌లో ఒక్కో ఛానల్ పీక్ 105 డెసిబెల్స్. మన లెక్కలో దానికి 500 వాట్లు! అపార్ట్‌మెంట్‌లో అంత పెడితే సెక్యూరిటీ పైకొస్తాడు. అందుకే ఇప్పుడు ప్రీ-అవుట్ ఉన్న రిసీవర్ తీసుకోండి. అవసరం వస్తే రేపు ఫ్రంట్ స్పీకర్లకి మాత్రం బయట యాంప్ కలుపుకోవచ్చు.

చివరిగా, మా ఇంట్లో ఏమైందో చెప్పాలి. 8 ఓమ్స్ స్పీకర్లు మార్చా, గ్లాస్ డోర్ పీకేశా. రిసీవర్ అదే. సినిమా మళ్లీ పెట్టా, ఫైట్ కూడా ఆగకుండా అయిపోయింది. "ఎలా ఉంది నాన్నా?" అని అడిగితే, "చప్పుడు బాగుంది గానీ, వాళ్లు ఏం మాట్లాడుతున్నారో సరిగ్గా వినపడట్లేదురా" అన్నారు. అప్పుడు సెంటర్ స్పీకర్‌ని ఆయన చెవుల వైపు కొంచెం పైకి వంచి, దాని లెవెల్ 3 డెసిబెల్స్ పెంచాను. నేను వాట్ల వెనకాల పడ్డాను, ఆయనకి కావాల్సింది మాటలు.

మా తమ్ముడు ఆ 80 వాట్స్‌దే తీసుకున్నాడు. మిగిలిన డబ్బులు సెంటర్ స్పీకర్‌లో పెట్టమన్నా. మీ హాల్ సైజు, మీ స్పీకర్ వెనకాల ఉన్న ఓమ్స్, సెన్సిటివిటీ, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుని అప్పుడు షాపుకి వెళ్లండి.