గట్టు దాటి, సముద్రం దాటి

కేసీ కాలువ కింద వరి వేసే బండి ఆత్మకూరు రైతుకు పందికొక్కు గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. గట్టు మీద తవ్విపోసిన మన్ను కుప్పగా ఉండి, కలుగు నోరు లోపలి నుంచి మూసి ఉందంటే అది లోపలే ఉందన్నమాట. తవ్వితే కొరికి దాచుకున్న వరి వెన్నులు బయటపడతాయి.

పొలాల్లో తిరిగే ఈ చిన్న పందికొక్కు దక్షిణాసియా జీవి. ఇప్పుడు మలేసియాలోని పెనాంగ్ దీవిలోనూ, కెన్యా తీరంలోని ఒక దీవిలోనూ ఉంది. సముద్రం ఈదుకుంటూ పోలేదు, మనుషుల సరుకుతో పాటు పోయింది. మన ఇళ్ల అటకల మీద తిరిగే నల్ల ఎలుకదీ అదే దారి. భారత ఉపఖండంలో పుట్టి, రోమన్ల కాలానికే యూరప్ చేరింది. ఓడను రేవుకు కట్టే మోకుల మీద అది సులువుగా పాకగలదు. అందుకే ఆ మోకులకు గుండ్రటి రేకులు తొడుగుతారు.

ఒక్క ఓడ చాలు. 1918లో మకాంబో అనే ఓడ ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హోవ్ దీవి దగ్గర నేల తట్టింది. అందులోంచి దిగిన ఎలుకలు గుడ్లనూ పిల్లలనూ తినేసి ఐదు రకాల పక్షులను పూర్తిగా తుడిచిపెట్టేశాయి. ఎంత ఘోరం! నూరేళ్ల తర్వాత, 2019లో, దీవంతా మందు ఎరలు చల్లాల్సి వచ్చింది.

మన పొలంలోనూ అంతే. వరి పొట్టకు రాకముందే, ఊరి రైతులంతా కలిసి ఒకేసారి ఎర పెట్టండి. ఒక్కరే పెడితే పక్క చేలోవి వచ్చి ఆ ఖాళీ కలుగుల్లో చేరతాయి.