గొడ్డు ముట్టని పూలచెట్టు



నారాయణఖేడ్ చుట్టుపక్కల ఊళ్లలో గుడి ప్రహరీ పక్కనో, బావి గట్టునో గన్నేరు పొద ఒకటి ఉంటుంది. 1956 దాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది కదా, అందుకే కన్నడం మాట్లాడేవారు కణగిలె అన్నా, మరాఠీవారు కణ్హేర్ అన్నా, ఉర్దూలో కనేర్ అన్నా ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. దానికి పనిగట్టుకుని నీళ్లు పోసేవాళ్లు తక్కువ. మేకల మంద పక్కనుంచే పోతుంది గానీ నోరు పెట్టదు. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నిట్లోనూ గుండెను దెబ్బతీసే విషం ఉంది. గన్నేరు మనిషి వెంట ఇన్ని వందల ఏళ్లు నిలిచిందంటే సగం ఈ విషం పుణ్యమే.

మన పూర్వులకు ఈ సంగతి బాగా తెలుసు. సుశ్రుత సంహిత దీన్ని అశ్వమారం అనే పేరుతో వేరు విషాల్లో చేర్చింది. శూద్రకుడి మృచ్ఛకటికంలో చారుదత్తుణ్ణి వధ్యస్థానానికి నడిపించేటప్పుడు మెడలో వేసినది గన్నేరు దండే. అదే పువ్వు శివలింగం మీదా ఉంటుంది. ఇదేం వింత అని అడిగేవారుంటారు. హాలాహలం మింగిన దేవుడికి విషపు చెట్టు పువ్వు పెట్టడంలో నాకైతే వింతేమీ కనిపించదు.

మధ్యధరా తీరం నుంచి మన దాకా వాగుల ఒడ్డున సహజంగా పెరిగే మొక్క ఇది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన పాంపే నగరంలో, ఇళ్ల గోడల మీది తోట బొమ్మల్లో గన్నేరు ఉంది. 17వ శతాబ్దంలో డచ్చివారి వాన్ రీడ్ మలబారు మొక్కల మీద వేయించిన మహాగ్రంథంలోనూ దీనికి చోటు దొరికింది. 1753లో లినేయస్ దీనికి నీరియం ఒలియాండర్ అని శాస్త్రీయ నామం పెట్టాడు. మన దేశపు గన్నేరుకు మంచి వాసన ఉండటం చూసి, ఇది వేరే జాతి అని ఐరోపా శాస్త్రవేత్తలు చాలాకాలం అనుకున్నారు. తర్వాత రెండూ ఒకటే అని తేల్చారు. 1945లో అణుబాంబు పడ్డ హిరోషిమాలో ముందుగా పూసిన మొక్కల్లో ఇదొకటని చెబుతారు. 1973లో ఆ నగరం దీన్నే తన పువ్వుగా ఎంచుకుంది.

అందంగా పూసే విషపు పొద గన్నేరు ఒక్కటే కాదు. అమెరికా తూర్పు కొండల్లో మౌంటెన్ లారెల్ అనే పొద ఉంది. 1748లో అక్కడికి వెళ్లిన లినేయస్ శిష్యుడు పేర్ కాల్మ్ పేరు మీద దాన్ని కాల్మియా అంటారు. గుత్తులు గుత్తులుగా పూస్తుంది, అదీ విషమే, దాని తేనె సైతం మంచిది కాదు. ఫొటోలు చూసి మోజుపడి తెప్పించుకోవాలనుకునేవారికి ఒక్క మాట: దానికి పుల్లని నేల, చల్లని వాతావరణం కావాలి. సున్నం పాలున్న మన నల్లరేగడిలో, మన మే నెల ఎండలో అది బతకదు. ఆ ముచ్చట గన్నేరుతో తీర్చుకోవచ్చు. పైగా గన్నేరు పువ్వులో తేనే ఉండదు, ఆశపడి వచ్చిన తేనెటీగ ఉత్తచేతులతో పోవాల్సిందే.

ఎండకు ఇది ఎలా తట్టుకుంటుందో ఆకు తిప్పి చూస్తే తెలుస్తుంది. ఆకులు కణుపుకు మూడేసి, సన్నగా, తోలులాగా ఉంటాయి. అడుగున చిన్న చిన్న గుంటలు, వాటి నిండా నూగు. ఊపిరి తీసుకునే రంధ్రాలు ఆ గుంటల లోపల దాగి ఉంటాయి కాబట్టి వడగాలికి తేమ తొందరగా పోదు. వానాకాలంలో అదే ఆకు కింద వెండి పూత పూసినట్టు మెరిసే గూడొకటి వేలాడుతూ కనబడవచ్చు. అది నల్లని కాకి సీతాకోకచిలుకది. దాని గొంగళి పురుగు ఈ విషపు ఆకు తినే పెరుగుతుంది. మొక్కకు పెద్ద నష్టం లేదు, దులిపేయకండి.

ఇక రకాల సంగతి. కంచెకు, రోడ్డు పక్కకు రేక గన్నేరే మేలు, ఎరుపో తెలుపో. రహదారుల డివైడర్ల మీద వేసేది ఎక్కువగా ఇదే. పశువులు తినవు, ఎదుటి బండి లైటు కంట్లో కొట్టదు, పొగా దుమ్మూ లెక్కచేయదు. ముద్ద గులాబీ రకం చూడముచ్చటగా ఉంటుంది, కానీ వాడిన పువ్వు రాలదు, గోధుమరంగు గుడ్డపేలికలా కొమ్మనే పట్టుకుని ఉంటుంది. రోజూ తుంచే ఓపిక ఉంటేనే పెట్టుకోండి. కుండీలకు నర్సరీల్లో పొట్టి రకాలు దొరుకుతున్నాయి. పచ్చ గన్నేరు దీని చుట్టమే గానీ ఇదే చెట్టు కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. దాని కాయలు పిల్లలు ఏరుకుని ఆడుకునేలా ఉంటాయి, గింజ మహా విషం. బడి దగ్గర, అంగన్‌వాడీ దగ్గర దాన్ని నాటడం నా దృష్టిలో తెలివితక్కువ పని. మడగాస్కర్ నుంచి వచ్చిన బిళ్ల గన్నేరూ అదే కుటుంబం. పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ మందు దాన్నుంచే తీస్తారు.

నాటడానికి వానాకాలం మంచిది. జానెడు కొమ్మ కోసి, కింది ఆకులు తీసేసి తడి మట్టిలో గుచ్చితే చాలు, వేరు పట్టేస్తుంది. పూలు కొత్త చిగుళ్ల కొసలకే వస్తాయి కాబట్టి ఒక విడత పూత అయిపోగానే కత్తిరించాలి. లేదంటే పైకి సాగి కింద బోసిపోతుంది. లేత కొసలకు పసుపుపచ్చ పేనుబంక పడితే నీళ్లు గట్టిగా కొట్టండి, పోతుంది.

కత్తిరించేటప్పుడు చేతికి గుడ్డో తొడుగో వేసుకోండి, అయ్యాక సబ్బుతో కడుక్కోండి. ఆ పుల్లలు పొయ్యిలో పెట్టకండి, పొగ కూడా మంచిది కాదు. ఎవరైనా పొరపాటున మింగితే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. పచ్చిగా ఉన్నప్పుడు చేదుకు ముట్టని గొడ్డు, ఎండుగడ్డిలో కలిసిన ఎండుటాకును తెలియక తినేస్తుంది. ఎండినంత మాత్రాన విషం పోదు. నరికిన కొమ్మల్ని గొడ్ల పాక వైపు, గడ్డివాము వైపు మాత్రం వేయకండి.