చక్రములోని చిన్న రేడియో

పాత టైర్లు తీసి క్రొత్తవి బిగించినంతనే కారు చక్రముల పని ముగిసినదని మనలో చాలమంది తలంతుము. కాని నేటి కార్లలో అనేకముల చక్రములలోపల, గాలి ఎక్కించు వాల్వు మొదట, చిన్న పరికరమొకటి అమర్చబడి యుండును. అదియే టైరు పీడనపు సెన్సారు. చక్రములు మార్చునపుడు దాని సంగతియు మనము చూడవలసి యున్నది.

ఈ సెన్సారు టైరులోని గాలి ఒత్తిడిని కొలిచి, రేడియో తరంగముల ద్వారా కారునకు తెలుపును. అమెరికాలో సాధారణముగా 315, ఐరోపాలో 433 మెగాహెర్ట్‌జుల తరంగములు ఇందుకు వాడుదురు. ప్రతి సెన్సారునకు ప్రత్యేకమైన సంఖ్య యొకటి కలదు. కారు తానెరిగిన సంఖ్యలనే ఆలకించును. ప్రక్కబండి సెన్సారును పట్టించుకొననట్లే, క్రొత్తగా వేసిన సెన్సారును గూడ పట్టించుకొనదు. చిక్కంతయు ఇచటనే యున్నది.

ఈ ఏర్పాటు వేడుకకై వచ్చినది కాదు. అమెరికాలో టైర్లు విచ్ఛిన్నమై, కార్లు బోల్తాపడి పలువురు మరణించిన పిమ్మట, 2000 సంవత్సరములో అచటి కాంగ్రెసు శాసనము చేసినది. 2007 సెప్టెంబరు నుండి తయారగు చిన్నబండ్లన్నింటికి ఈ హెచ్చరిక తప్పనిసరియైనది. నిర్ణీత పీడనములో నాలుగవవంతు తగ్గినచో దీపము వెలుగవలెను. గాలి తగ్గిన టైరు ప్రక్కలు అధికముగా వంగి, వేడెక్కి, వేగములో పగులవచ్చును. కంటికి మాత్రము ఆ తరుగు తేలికగా కనబడదు.

ఇక పాత సెన్సారును క్రొత్త చక్రములో వాడవచ్చునా? టైరు అరిగినంత మాత్రమున సెన్సారు చెడదు. దాని ఆయువు బ్యాటరీని బట్టి సాధారణముగా 5 మొదలు 10 సంవత్సరములు. బ్యాటరీ లోపలనే మూసివేయబడి యుండుటచే దానినొక్కదానినే మార్చుట సామాన్యముగా వీలుపడదు. రెండుమూడేండ్ల సెన్సారును, క్రొత్త చక్రమునకు సరిపడినచో, తిరిగి వాడవచ్చును. రబ్బరు వాషరు, వాల్వు పిన్ను, నట్టు మాత్రము క్రొత్తవి వేయవలెను. ఎనిమిదేండ్లదైనచో టైరు విప్పినపుడే మార్చుట మేలు; లేనిచో విప్పుకూలి రెండుమారులు పడును. సెన్సారున్నదని పనివానికి ముందే చెప్పవలెను. ఇనుపకడ్డీ తగిలిన అది విరుగును.

క్రొత్తది వేసినపుడు రెండు మార్గములు కలవు. పాతదాని సంఖ్యను పరికరముతో చదివి, క్రొత్తదానిలో అదే సంఖ్యను వ్రాయించుట ఒకటి. అపుడు కారునకు మార్పే తెలియదు. క్రొత్త సంఖ్యను కారునకు నేర్పుట రెండవది. కొన్ని కార్లు కొంతదూరము నడిపిన తామే నేర్చుకొనును. కొన్నింటికి మెకానిక్కు సాయము కావలెను. మంచుకాలమునకు వేరొక చక్రముల జత నుంచుకొనువారికి మొదటి మార్గము సుకరము. మినెసోటా, మిషిగన్ వంటిచోట్ల స్థిరపడిన మన తెలుగువారిలో అట్టి జత గలవారికి ఇది ఏటా రెండుమారులు వచ్చు పని.

అమెరికా నిబంధనల ప్రకారము తయారైన కార్లలో దీపము వెలిగి నిలిచినచో గాలి తగ్గినదని అర్థము. బండి స్టార్టు చేసినపుడు నిమిషము పైగా మిణుకుమిణుకుమని పిదప నిలిచినచో, ఏర్పాటులోనే లోపమున్నదని అర్థము. ఆ లోపమును సరిచేయింపక తిరిగినచో, నిజముగా గాలి తగ్గిననాడు మనలను హెచ్చరించునది లేకపోవును. సెన్సారున్నను, నెలకొకమారు టైర్లు చల్లగా నున్నపుడు గాలి కొలిపించుట మరువరాదు.