మన తర్వాత ఎవరు?



కొడుక్కి పద్దెనిమిదేళ్ళు నిండితే మనకు సంతోషం. బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డను కన్న తల్లికి మాత్రం ఆనాటినుంచే కొత్త బెంగ. వానలు సరిగా కురవని మన అనంతపురం సీమలో, సెనక్కాయ పంట పోయి బెంగుళూరుకు కూలికి వెళ్ళే ఇళ్ళల్లో ఆ బెంగ మరీ ఎక్కువ. "నేను పోయినాక వీనికి ఎవురు దిక్కు?" అంటుంది ఆ తల్లి.

ఆ దిక్కు చూపించడానికే 1999లో జాతీయ ట్రస్టు చట్టం వచ్చింది. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవారికి సంరక్షకుణ్ణి నియమించే అధికారాన్ని అది జిల్లాలోని స్థానిక కమిటీకి ఇచ్చింది. అందులో కలెక్టరు, రిజిస్టరయిన సంస్థ ప్రతినిధి ఒకరు, వికలాంగులలో ఒకరు ఉంటారు. తల్లిదండ్రులుగానీ బంధువులుగానీ అర్జీ పెట్టుకోవాలి. 2022లో జిల్లా రెండయింది కనుక కదిరి, హిందూపురం వైపువారు పుట్టపర్తిలో అడగాలి.

ఏదో ఒక సంస్థ తరఫున రేపు ఆ కుర్చీలో మీరే కూర్చోవలసి రావచ్చు. అప్పుడేం చేస్తారు? తండ్రిలేని పిల్లవాడికి మూడెకరాలుంది, పెదనాన్న అర్జీ పెట్టాడనుకోండి. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయని సంతకం పెట్టేస్తే సరిపోదమ్మా! అసలు సంరక్షకుడు అవసరమా, అవసరమైతే ఏయే పనులకు అన్నది కమిటీ చూసితీరాలని చట్టమే చెబుతోంది. ఇప్పుడు వాడికి అన్నం పెడుతున్నదెవరు? జ్వరమొస్తే పక్కన కూర్చునేదెవరు? ఆ పిల్లవాణ్ణి కూడా పిలిపించండి. మాట రాకపోవచ్చు. ఎవరి చెయ్యి పట్టుకుంటాడో, ఎవర్ని చూసి ముడుచుకుంటాడో కనబడుతుంది కదా!

నియామకంతో పని అయిపోదు. సంరక్షకుడు ఆరు నెలల్లోగా ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటేటా లెక్క చూపాలి. ఆ లెక్కలు వచ్చాయా అని అడగండి. బిడ్డను నిర్లక్ష్యం చేసినా, ఆస్తి కాజేసినా, ఫిర్యాదు మీద విచారించి అతణ్ణి తొలగించవచ్చు. ఈ సంగతి తల్లికి తెలుగులో విడమరచి చెప్పండి. పూట కూలి వదులుకుని వచ్చిన మనిషి ఆమె. మళ్ళీ మళ్ళీ తిప్పకండి. వైద్యం ఖర్చులకు ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇచ్చే నిరామయ బీమా గురించీ అప్పుడే చెప్పి పంపండి.

ఇంట్లో ఎవరు తిన్నారో, ఎవరు తినకుండానే తిన్నామన్నారో మొహం చూసి కనిపెట్టగలం మనం. ఆ చూపు ఆ కమిటీకి ఎంతో అవసరం. కుర్చీ వచ్చేదాకా ఆగనక్కరలేదు. మీ వీధిలో అలాంటి తల్లి ఉంటే, ఈ సాయంత్రమే వెళ్ళి అర్జీ సంగతి చెప్పి రండి.