చుక్కల భూములు - గ్రామ దస్త్రములు
(సోమలలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పరాయి పాలన మనకేమి మిగిల్చినదని గ్రామసభలో ఎవరైన అడిగినచో దూరపు యుద్ధములను వెదకనక్కరలేదు. రెవెన్యూ కార్యాలయములోని పాత రిజిస్టరులో ఒక చుక్కను చూపవచ్చును.

ఆంగ్ల ప్రభుత్వము రైత్వారీ గ్రామములను కొలిపించి రీసెటిల్మెంటు రిజిస్టరులు వ్రాయించినది. సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు పేరు అందు వరుసగా నుండును. కొన్ని నంబరులకు మాత్రము పేరు వ్రాయవలసిన గడిలో చుక్కలే పెట్టిరి. వీటినే చుక్కల భూములందుము. తాత తండ్రులు దున్నిన చేనే అయినను, అమ్మబోయిన రైతుకు ఆ గడి అడ్డుపడెడిది. ఆ చిక్కు విప్పుటకు 2017లో మన రాష్ట్రము ప్రత్యేక చట్టము చేయవలసి వచ్చినది.

మరి ఆ దస్త్రము అబద్ధమా? కాదు. శిస్తు ఎవరివద్ద రాబట్టవలెనన్నదే దాని ప్రశ్న. ఎవరు నాగలి పట్టిరి, ఎవరి పశువులు మేసినవి, ఎవరు కూలి చేసిరి అన్నవి దానికి పట్టలేదు. కాబట్టి పేరు లేనంత మాత్రమున మనిషి లేడనరాదు. అట్లని చుక్క ఉన్న చేనెల్ల నేడు పట్టుకొన్నవారిదే యనియు అనరాదు. అడంగలు, శిస్తు రశీదులు, దస్తావేజులు, ఇరుగు పొరుగు రైతుల సాక్ష్యము కలిపి చూచిన పిమ్మటనే నిర్ణయమునకు రావలెను.

పాత కాగితము మన నమ్మకములను గూడ సరిదిద్దగలదు. మదనపల్లె ప్రాంతము చేరిన దత్తమండలములను నిజాము 1800లో కుంపిణీకి అప్పగించెను. 1807 వరకు వాటికి ప్రధాన కలెక్టరైన థామస్ మన్రోను ప్రజలు అభిమానించి, బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. అదే మన్రో, తన సర్వే ననుసరించి విధించిన శిస్తును నూటికి 25 వంతున తగ్గింపవలెనని 1807లో ప్రభుత్వమునకు వ్రాసెను. ప్రభుత్వమట్లు చేయక, మరుసటి ఏడు గ్రామములను గుత్తకిచ్చు పద్ధతి పెట్టెను. దొర మంచివాడా చెడ్డవాడా యని వాదులాడుట కంటె, శిస్తు ఎంత, ఎవరు మోసిరి అని కాగితము ముందుంచుకొని అడుగుట మేలు.

ఊరివారు చెప్పిన మాటలును కొన్ని మిగిలియున్నవి. కాలిన్ మెకంజీ, కావలి సోదరుల సహాయముతో సేకరించిన కైఫీయతులలో చెరువుల, మాన్యముల, దేవాలయముల వృత్తాంతములు కలవు. అయితే వాటిలో ఎక్కువగా వినిపించునది కరణముల మాట. కూలివాని మాట, స్త్రీ మాట అరుదు.

ఈ ప్రాంతపు కాగితములు ఒకచోట లేవు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక పూర్వము మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలోను, పుంగనూరు జమీ ఉత్తర ఆర్కాటులోను ఉండెను. పాత వివరములను ఆ జిల్లాల దస్త్రములలో వెదకవలెను. జమీ గ్రామములకు 1948 ఎస్టేటుల రద్దు చట్టము తరువాతి సెటిల్మెంటు కాగితములు ముఖ్యములు.

ఉన్నవియు ఎల్లకాలము ఉండవు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయములో మంటలు చెలరేగి అనేక ఫైళ్లు కాలిపోయినవి. ఒక్క ప్రతి మాత్రమే ఉన్న కాగితము అగ్గికో చెదలకో ఆహుతియైన నాడు రైతు ఆధారమే పోవును.

కావున మీకు నా విన్నపము ఇది. మీ గ్రామపు రిజిస్టరుల నకళ్లను కార్యాలయమునుండి కోరుడు. 2005 సమాచార హక్కు చట్టము మీకు తోడుగా నున్నది. ఇండ్లలోని పాత పట్టాలకు, రశీదులకు ఫోటోలు తీయించి, అసలును సొంతదారునకే ఇచ్చివేయుడు. పాత కాగితమునకు లామినేషను చేయింపకుడు. దానిపై క్రొత్తగా ఏమియు వ్రాయకుడు. పట్టాలో ఎన్నడును పేరు లేని కూలివారి, వృద్ధ స్త్రీల జ్ఞాపకములను తేదీతో వ్రాసి ఉంచుడు. భూమి తగవు గ్రామసభకు వచ్చినప్పుడు వీటిని అందరి ఎదుట చదివింపుడు.

నాడు ఆ గడి పేరు లేకయే మిగిలినది. నేడు ఊరివారిని కూర్చుండబెట్టి అడుగవలసిన బాధ్యత మీది.