దస్తరమునకు ఒకే వాకిలి



మిరపకాయ కల్లములలో ఎండుచున్న దినములలో రైతు అప్పు నిమిత్తము బ్యాంకునకు పోవుట కలదు. బ్యాంకువారు అడంగలును, 1-బి నకలును తెమ్మందురు. ఒక కాగితములో భూమి నాలుగెకరముల యేబది సెంట్లనియు, వేరొక కాగితములో నాలుగెకరములు మాత్రమేయనియు ఉన్నదనుకొనుడు. ఆ యేబది సెంట్ల నల్లరేగడి చేనిలో ఉండనే యున్నది. కాగితములో మాత్రము లేదు. అప్పు ఆగును, అమ్మకము ఆగును, అన్నదమ్ముల నడుమ మాట పెరుగును. ఇట్టి పొరపాటునకు తావులేకుండ కంప్యూటరులోని లెక్కలను ఏ తీరున అమర్చవలెనో నేడు ముచ్చటింతము.

కరణముగారి దస్తరమును మీలో పలువురు ఎరుగుదురు. ఏ నకలు కావలసినను ఆయననే అడుగవలెను; ఇతరులు ఆ పుస్తకములను తాకరాదు. 1984లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆ వంశపారంపర్య కరణీకమును రద్దుచేసినది. 1998లో 'కార్డు' అను పథకము ద్వారా రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటర్లు ప్రవేశించినవి. 2015లో 'మీభూమి' వెలసి, రైతు తన అడంగలును ఇంటనుండియే చూచుకొన వీలు కలిగినది. దస్తరము రూపు మారినది గాని ప్రశ్న మారలేదు: పుస్తకమును ఎవరు తాకవలెను? నేను ప్రభుత్వమువారి కంప్యూటరు లోపలి కట్టుబడిని గూర్చి చెప్పుట లేదు. అట్టి పనికి పూనుకొన్నవారు ఎవరైనను పాటింపదగిన పద్ధతిని చెప్పుచున్నాను.

కంప్యూటరులోని దస్తరమును డేటాబేసు అందురు. 1970లో ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పద్ధతిని అనుసరించి, అందలి విషయములు పట్టికలుగా ఉండును. ఒక పట్టికలో ఖాతాలు, ఒకదానిలో సర్వే నంబర్లు, మరియొకదానిలో పంటలు. వానిని అడుగుటకు ఎస్‌క్యూఎల్ అను భాష కలదు.

ఇక కార్యక్రమమును వ్రాయువారి తీరు వేరు. 1960 తరువాతి సంవత్సరములలో నార్వే దేశమున పుట్టిన సిములా భాష మొదలుకొని, వారు లోకమును వస్తువులుగా భావించుట నేర్చిరి. ఇచట వస్తువనగా తన వివరములతోపాటు తన ధర్మమును కూడ ఎరిగినది. 'కమతము' అను వస్తువు తన విస్తీర్ణమును తాను ఎరుగును. తన్ను విభజింపుమన్నచో, భాగముల మొత్తము మూలమును మించకుండ తానే చూచుకొనును.

పట్టికల లోకమొకటి, వస్తువుల లోకమొకటి. ఈ రెండింటి నడుమ రాకపోకలు ఎట్లు జరుగవలెననునదే చిక్కు. తొందరపడువారు ప్రతి పుటనుండియు నేరుగా పట్టికలలో చేయి పెట్టుదురు. నకలు ఇచ్చు పుట ఒక తీరున అడుగును. భాగములు పంచు పుట మరియొక తీరున వ్రాయును. ఒకటి ఎకరములలో లెక్కించును, ఒకటి హెక్టారులలో. మొదటి సంవత్సరము అంతయు సవ్యముగనే కనిపించును. మార్పు వచ్చిననాడు గుట్టు బయటపడును.

చీరాల మాటయే చూడుడు. అది 1970 వరకు గుంటూరు జిల్లాలోనిది. ఆ యేట ఒంగోలు జిల్లా ఏర్పడగా అందు చేరినది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పేరు పెట్టిరి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడగా చీరాల అందు కలిసినది. చేను కదలలేదు, జిల్లా పేరు మూడుమారులు మారినది. జిల్లా పేరును నలువది పుటలలో వేర్వేరుగ వ్రాసినవాడు నలువది చోట్ల దిద్దవలెను. ఒకటి మరచెనా, ఆ పుటలో పాత జిల్లాయే నిలిచియుండును. ఒక పట్టికలో ఒక్కచోట వ్రాసి, ఒకే వాకిటినుండి అడుగువానికి ఒక్క దిద్దుబాటు చాలును.

కావున నడుమ ఒక దస్తరదారును నిలుపవలెను. పుటలు కమతమును మాత్రమే ఎరుగును. కమతము తన ధర్మమును మాత్రమే ఎరుగును. పట్టికల పేర్లు, గడుల పేర్లు, ఎస్‌క్యూఎల్ భాష, ఇవన్నియు దస్తరదారునకే తెలియును. 'ఈ ఖాతాలోని కమతములను తెమ్ము', 'ఈ మార్పును భద్రపరుపుము' అని అడుగుటయే తక్కినవారి పని. మార్టిన్ ఫౌలర్ 2002లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి యమరికలకు రిపాజిటరీ, డేటా మ్యాపర్ మొదలగు పేర్లు కలవు. చిన్న పని అయినచో, వస్తువే తన్ను తాను పట్టికలో వ్రాసికొను యాక్టివ్ రికార్డు పద్ధతి చాలును. రెండు గదుల యింటికి కోటగోడ ఏల?

ఈ దస్తరదారు మూడు పనులు తప్పక చేయవలెను.

మొదటిది, సగము పని చేయరాదు. తండ్రి ఖాతానుండి భూమిని తీసి ఇద్దరు కొడుకుల ఖాతాలలో చేర్చునపుడు, తీసివేత జరిగి చేర్పు జరుగకమునుపే కరెంటు పోయినచో ఆ భూమి ఎవరిదియు కాక పోవును. అన్నియు జరుగవలెను, లేదా ఏదియు జరుగరాదు. దీనిని ట్రాన్సాక్షను అందురు.

రెండవది, అర్జీలోని మాటను ఆజ్ఞగా చేకొనరాదు. ఖాతా సంఖ్య వ్రాయవలసిన గడిలో దుర్బుద్ధి గలవాడు 'పట్టికను చెరిపివేయుము' అను అర్థము వచ్చు ఎస్‌క్యూఎల్ ముక్కను వ్రాయవచ్చును. దానిని ప్రశ్నలో యథాతథముగ అతికించినచో కంప్యూటరు దానిని కూడ నెరవేర్చవచ్చును. ప్రశ్నను ముందుగ సిద్ధపరచి, అర్జీదారుని మాటను అందు కేవలము విలువగా ఉంచవలెను.

మూడవది, వ్యర్థపు రాకపోకలు మానవలెను. గ్రామములో మూడు వందల ఖాతాలున్నచో, ఒక్కొక్క ఖాతాకు ఒక్కొక్కమారు దస్తరపు గదికి పోయివచ్చువాడు తెలివిగలవాడు కాడు. కావలసినవన్నియు ఒక్కమారే అడిగి తేవలెను.

అయినను ఒక హెచ్చరిక చేయకున్న నా మాట అసంపూర్ణము. ఒకే వాకిలి అనునది కరణీకములోని గుణము. ఆ వాకిలి చీకటిలో ఉండుట అందలి దోషము. ఏమి వ్రాసినను అడుగువారు లేనప్పుడు, వ్రాయువాని చేతిలో ఊరంతయు చిక్కును. కంప్యూటరులోని దస్తరదారు కూడ అట్టివాడు కాగలడు. కావున ప్రతి మార్పునకును ఎవరు చేసిరి, ఎప్పుడు చేసిరి, మునుపు ఏమి యుండెను అనునది చెరుపరాని చిట్టాలో ఎక్కవలెను. మార్పులన్నియు ఒకే వాకిట జరుగుచున్నచో ఆ చిట్టా వ్రాయుట సులభము. నలువది దారులున్నచో దుర్ఘటము.

మీ గ్రామమునకు క్రొత్త కార్యక్రమమును తెచ్చి చూపువారు ఎవరైనను వచ్చినప్పుడు, దాని రంగులను, వేగమును మాత్రమే చూడకుడు. 'అయ్యా, పుస్తకములో వ్రాయునది ఎవరు? దిద్దినచో మునుపటి వ్రాత కనిపించునా?' అని రెండు ప్రశ్నలు అడుగుడు. మీ మనుమలు బ్యాంకునకు పోయిననాడు ఆ యేబది సెంట్లు కాగితములో నిలిచియుండుట ఆ రెండు జవాబులపై ఆధారపడియున్నది.